గ్రేట్ ఓషన్ రోడ్‌కి వెళ్తూ వించెల్సీలో ఆగాం: బార్వన్ పార్క్ మాన్షన్

మా ఆవిడ మెల్‌బోర్న్ ఆస్టిన్ హాస్పిటల్లో నర్సు. తొమ్మిదేళ్ళుగా ఆ పేరున్న బ్యాడ్జి మెళ్ళో వేసుకుని తిరుగుతోంది కానీ ఆస్టిన్ అంటే ఎవరో మా ఇద్దరికీ తెలీదు, ఎవరో పాతకాలం డాక్టర్ అయ్యుంటాడనుకున్నాం. ఒకరోజు వార్డులో ఒక ముసలాయన చెప్పాడట, ఆస్టిన్ డాక్టర్ కాదమ్మా, ఒక ఆవిడ పేరు, ఆవిడ ఇల్లు ఇప్పటికీ ఉంది అని. ఇంక మా ఆవిడ ఊరుకోలేదు. అత్తయ్యగారూ మావయ్యగారూ విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఎలాగూ సముద్రం పక్కన సాగే గ్రేట్ ఓషన్ రోడ్‌కి వెళ్ళాలి కదా, ఆ దారిలోనే ఆ ఇల్లు, బార్వన్ పార్క్ మాన్షన్ కూడా పెట్టుకున్నాం.

వించెల్సీ చిన్న ఊరు, మెల్‌బోర్న్ నుంచి వెళ్తే జీలాంగ్ అనే నగరం దాటాక హైవే మీద అరగంట డ్రైవ్. ఊరి మధ్యలో బార్వన్ నది మీద రాతి వంతెన ఉంది, 1867లో విక్టోరియా రాణి రెండో కొడుకు ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ వచ్చి దాన్ని ఓపెన్ చేశాడు. ఆ రాజకుమారుడి రాకతోనే ఈ ఇంటి కథ మొదలవుతుంది.

ఈ ఇంటి యజమాని థామస్ ఆస్టిన్ ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ నుంచి వచ్చిన గొర్రెల ఆసామి. ఇక్కడి ఆదివాసులైన వాథరాంగ్ జనం నేల మీద వేల ఎకరాలు తన కిందకి తెచ్చుకున్నాడు. వేట పిచ్చి బాగా ఉండేది, అందుకే 1859లో ఇంగ్లండ్ నుంచి కుందేళ్ళు తెప్పించి తన ఎస్టేట్‌లో వదిలాడు, రెండు డజన్లు అంతే. ఆస్ట్రేలియా పొలాలని తినేసిన కుందేళ్ళలో ఎక్కువ శాతం వాటి సంతానమే అని 2022లో జన్యు పరీక్షల్లో కూడా తేలింది. వాటిని ఆపడానికి వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 1,800 కిలోమీటర్లకి పైగా కంచె వేశారు, 1950లో కుందేళ్ళని చంపే వైరస్ కూడా వదిలారు, అయినా పోలేదు. మావయ్యగారు రైతు, పంట పోవడం అంటే ఏంటో ఆయనకి తెలుసు, ఈ ముక్క విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఇక్కడికి కుందేళ్ళ వేటకి వచ్చినప్పుడు ఆస్టిన్ వాళ్ళది మామూలు ఇల్లేనట. రాజకుమారుడికి అలాంటి ఇంట్లో మర్యాద చేయాల్సి వచ్చిందే అని థామస్ భార్య ఎలిజబెత్ ఆస్టిన్ బాధపడిందని, అందుకే ఈ మాన్షన్ కట్టించారని చెప్తారు. 1869లో మొదలుపెట్టి 1871కి పూర్తి చేశారు, 42 గదులు, జీలాంగ్ ఆర్కిటెక్టులు డేవిడ్‌సన్, హెండర్సన్‌ల డిజైన్. ఇల్లు పూర్తయిన ఏడాది డిసెంబర్లోనే థామస్ చనిపోయాడు.

కట్టడం సంగతికొస్తే, గోడలన్నీ బ్లూస్టోన్. పేరుకి బ్లూ గానీ మన నల్లరాయే, ఇటువైపు పాత అగ్నిపర్వతాల లావా గట్టిపడి అయిన బసాల్టు. చెక్కడం కష్టమైన రాయి, అందుకే గోడల మీద శిల్పాలూ అవీ పెద్దగా ఉండవు, అందం అంతా రాళ్ళ పొందికలోనే ఉంది, ఆ బరువైన గోడల ముందు వరండాకి పోత ఇనుముతో లేసు అల్లినట్టు పని చేశారు, ఆ నలుపు మీద అది ఎంత సున్నితంగా కనిపిస్తుందో ఫొటోలో సరిగా రాదు, దగ్గరికెళ్ళి చూడాలి. లోపల ఎత్తైన సీలింగులు, పెద్ద మెట్లు. మావయ్యగారికి మోకాళ్ళ నొప్పి, ఆయన కిందే కూర్చున్నారు, పైకి వెళ్ళలేనివాళ్ళకి కింద గదులే బోలెడు. గుర్రాల శాల కూడా బ్లూస్టోన్‌దే, దాన్ని వదిలేసి రాకండి.

మా ఆవిడకి అన్నిటికంటే నచ్చింది మాత్రం ఆ తర్వాతి కథ. భర్త పోయాక ఎలిజబెత్ ఈ ఇంట్లోనే ఉంటూ, నయం కాని జబ్బులని మిగతా హాస్పిటళ్ళు చేర్చుకోని మనుషుల కోసం 6,000 పౌండ్లు ఇచ్చింది. 1882లో మెల్‌బోర్న్‌లోని హైడెల్‌బర్గ్‌లో తెరిచిన ఆ హాస్పిటలే ఇప్పటి ఆస్టిన్. ఆవిడ 1910లో పోయింది. మా ఆవిడ ఆ మెట్ల దగ్గర కాసేపు అలా నిలబడిపోయింది, అత్తయ్యగారు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా.

మా వెర్రిబీ దగ్గరి మాన్షన్ కూడా చూశాం కాబట్టి పోలిక చెప్తా. చర్న్‌సైడ్ అన్నదమ్ములు 1870ల్లో కట్టిన వెర్రిబీ పార్క్ ఇంకా పెద్దది, 60 గదులు, రోజ్ గార్డెన్, పక్కనే జూ, ఒకప్పుడు పాదిరీలకి చదువు చెప్పిన సెమినరీ భాగంలో హోటల్ కూడా ఉంది, పిల్లలతో రోజంతా గడపాలంటే అదే బెటర్. కానీ ఇల్లు చూసి మనసులో ఏదైనా మిగలాలంటే నా ఓటు బార్వన్ పార్క్‌కే. రెండు గంటలు చాలు. పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళది, అన్ని రోజులూ తెరవరు, సైట్‌లో చూసుకునే బయల్దేరండి.

వించెల్సీలో ఉండటం కంటే ముందు రోజు రాత్రి జీలాంగ్‌లో ఆగడం మేలు, వాటర్‌ఫ్రంట్ దగ్గర రూములు బోలెడు. మేం దిగిన మోటెల్ శుభ్రంగానే ఉంది గానీ రూమ్‌లో కెటిల్ తప్ప వంటకి ఏమీ లేదు, పెద్దవాళ్ళకి రాత్రి పెరుగన్నం పడాలంటే కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మేం ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్ళాం, అదే కాపాడింది.

అక్కణ్ణుంచి డీన్స్ మార్ష్ మీదుగా గ్రేట్ ఓషన్ రోడ్ మీది సముద్రపుటూరు లోర్న్‌కి దిగాం. చివర్లో అడవిలో వంకర్లు ఎక్కువ, అత్తయ్యగారికి తల తిరిగి ఒకచోట కారాపి పది నిమిషాలు గాలి పీల్చుకున్నాం, కడుపు నిండా తిని మాత్రం ఆ రోడ్డు ఎక్కకండి.