ఉద్దానంలో ఉక్కు చట్రం ఇల్లు: ఐదు వానాకాలాల తర్వాత

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో కొబ్బరిచెట్లు కూలాయి, ఇంటి రేకులు ఎగిరిపోయాయి. మళ్లీ కట్టేటప్పుడు అమ్మ శ్లాబే వెయ్యమంది. నేను పట్టుబట్టి లైట్‌గేజ్ స్టీల్ చట్రంతో, అంటే పలుచటి ఉక్కు రేకును వంచి చేసిన చట్రంతో కట్టించాను. ఐదు వానాకాలాలు అందులోనే గడిపాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముందు ఇంటి బొమ్మంతా కంప్యూటర్‌లో గీశారు. దాని ప్రకారం మిషనే జింకు పూత ఉన్న రేకును వంచి, కోసి, స్క్రూలకీ కరెంటు పైపులకీ బెజ్జాలు పెట్టి, ప్రతి ముక్క మీదా నంబరు వేసింది. లారీ దిగాక నలుగురు కుర్రాళ్లు ఐదు రోజుల్లో చట్రం నిలబెట్టేశారు.

పునాది మాత్రం మా ఊరి మేస్త్రీదే. అక్కడే వచ్చింది చిక్కు. ఒక మూల అరంగుళం పల్లంగా ఉంది. ఇటుక గోడైతే సిమెంటుతో సర్దేసేవాడు. ఇక్కడ తలుపు దగ్గర చట్రాల బెజ్జాలే కలవలేదు. అడుగున ఇనుప బిళ్లలు పెట్టి సరిచేసేసరికి ఒక పూట పోయింది. తేలిక ఇల్లు కదా, గాలికి లేవకుండా పునాదిలోకి బోల్టులు గట్టిగా బిగించాలి, అందుకే అంత పట్టింపు.

రెండో ఏడు, చట్రానికి గోడలుగా బిగించిన బోర్డుల అతుకుల దగ్గర సన్నటి పగుళ్లొచ్చాయి. కట్టినవాళ్లకి ఫోన్ చేస్తే రేపు, మాపు అన్నారు, రానేలేదు. మేస్త్రీ సిమెంటు పూస్తే ఎండాకాలానికి మళ్లీ విచ్చుకుంది. ఎండకి బోర్డులు కదులుతాయి, గట్టి సిమెంటు ఆగదు. జాలీ టేపు అంటించి, సాగే సీలెంటు పెట్టించాకే పగుళ్లు ఆగాయి.

మూడో ఏడు సముద్రం వైపున్న తూర్పు గోడ స్క్రూల తలలు ఎర్రబడ్డాయి. ఒకటి విప్పి చూస్తే లోపలి చట్రం శుభ్రంగానే ఉంది. అన్నీ మంచి పూత ఉన్నవాటితో మార్పించాను. ఉప్పు గాలి ఊళ్లో ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

దేవుడి అలమరకి అమ్మ మేకు కొడితే బోర్డులోకి దిగిపోయింది. బరువు వేలాడేది ఏదైనా బోర్డు వెనకున్న చట్రం నిలువు కమ్మీ మీదే బిగించాలి. ఆ కమ్మీలు ఎక్కడున్నాయో తెలియడానికి డ్రాయింగ్ కాపీ ఇంట్లో ఉంచుకోండి.

రేకు కప్పు మీద వాన మోత ఎక్కువే. కానీ వేసవి రాత్రి శ్లాబులా వేడి కక్కదు, చట్రానికి చెదల బెడద లేదు. ఇప్పుడు తమ్ముడి పెళ్లికి పక్కన ఇంకో గది ఇలాగే వేయిస్తున్నాం. ఈసారి పునాది మట్టం లెవెల్ పైపు పట్టుకుని నేనే నాలుగు మూలలా చూసుకున్నాను.