వంశ చరిత్రకు వీలునామాలు ఎంతవరకు పనికివస్తాయి: ఏళ్ల తరబడి వాడిన తరువాత నా అభిప్రాయం

ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాల కుటుంబాల పూర్వీకులను వెతికే పనిలో నేను చాలా ఏళ్లుగా వీలునామాలను, ప్రొబేట్ (వీలునామా చెల్లుతుందని కోర్టు ధ్రువీకరించడం) రికార్డులను వాడుతున్నాను. ఒక మనిషి ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ కాపురమున్నాడో చర్చి రిజిస్టర్లూ జనాభా లెక్కల పత్రాలూ చెబుతాయి. అతడు ఎవరిని నమ్మాడో, తన తరువాత ఎవరికి ఏ లోటు వస్తుందని బెంగపడ్డాడో తెలుసుకోవడానికి మాత్రం వీలునామాకు సాటివచ్చే పత్రం నాకు కనిపించలేదు. అయితే వీలునామా చదివి అక్కడే ఆగిపోయేవారికి సగం సమాచారమే దక్కుతుందనీ, మిగతా సగం దాని వెనుక నడిచిన కార్యాలయ పత్రాలలో ఉంటుందనీ నా అనుభవం చెబుతోంది.

వెతకడానికి ముందు గుర్తుంచుకోవలసిన తేదీ 1858 జనవరి 12. ఆ రోజు నుండి ప్రొబేట్ ప్రభుత్వ న్యాయస్థానం చేతికి వచ్చింది. అంతకు ముందు అది చర్చి కోర్టుల అధికారం. తరువాతి కాలానికి ఏటేటా అక్షర క్రమంలో ముద్రించిన సూచీ ఉంది కనుక పని సులువు. ముందు కాలానికి ఏ కోర్టు పరిధిలో ఆస్తి ఉందో ఊహించుకుంటూ వెతకాలి. వాటిలో పై స్థాయిదైన కాంటర్‌బరీ ప్రెరోగటివ్ కోర్టు రిజిస్టర్లు 1384 నుండి 1858 వరకు ఉన్నాయి. అవి లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు తమ తాత ముత్తాతల వీలునామాల కోసమే చూస్తారు. నాకు ఎక్కువ ఫలితమిచ్చినవి పెళ్లి కాని మేనత్తలవీ, పిల్లలు లేని పెదనాన్నలు, చిన్నాన్నలవీ. సొంత సంతానం లేనివారు అన్నదమ్ముల పిల్లలనూ అక్కచెల్లెళ్ల పిల్లలనూ పేరు పేరునా రాస్తారు. పెళ్లయిన మేనకోడళ్లను భర్తల ఇంటిపేర్లతో సహా రాస్తారు. రిజిస్టర్లలో పెళ్లితో కనుమరుగైన ఆడపిల్లలు ఇలా మళ్లీ దొరుకుతారు. 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం అమలులోకి రాకముందు పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేనిదే వీలునామా రాయలేకపోయేది కాబట్టి, ఆ కాలపు స్త్రీల వీలునామాలలో అధిక భాగం వితంతువులవీ అవివాహితలవీ.

పేరు లేకపోవడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు. పెద్ద కొడుకుకు భూమి అప్పటికే సంక్రమించి ఉండవచ్చు, కూతురికి పెళ్లినాడే వాటా ముట్టి ఉండవచ్చు. ఒక్క షిల్లింగు రాసినంత మాత్రాన తండ్రి ఆ బిడ్డను వెలివేశాడని అనుకోవడానికీ వీల్లేదు. షేక్‌స్పియర్ 1616 నాటి వీలునామాలో భార్య ప్రస్తావన ఉంది కానీ ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ ఒక్క పత్రమే మిగిలి ఉంటే ఆమె పేరు మనకు తెలిసేదే కాదు.

ఇక నేను అందరికన్నా ముందుగా సిఫారసు చేసేవి మరణానంతర పన్ను రిజిస్టర్లు. ఇవి 1796 నుండి 1903 వరకు నడిచాయి. చనిపోయినవారితో బంధుత్వం ఎంత దగ్గరదో దానిని బట్టి పన్ను మారేది కాబట్టి, గుమాస్తాలు ప్రతి లబ్ధిదారు పక్కన ఆ బంధుత్వాన్ని రాసుకోవలసి వచ్చింది. వీలునామా ఒక మనిషి కోరికను చెబుతుంది. ఆ కోరికలో ఎంత తీరిందో ఈ రిజిస్టర్లు చెబుతాయి. లెక్క తేలేవరకు ఏళ్ల తరబడి అందులో కొత్త సంగతులు చేర్చుతూ పోయారు కనుక, లబ్ధిదారుల మరణాలు, చిరునామాల మార్పులు కూడా కొన్నిచోట్ల దొరుకుతాయి. కుదించిన రాత, సంక్షిప్త గుర్తులు మొదట్లో విసిగిస్తాయి. అయినా ఓపిక పట్టాలి. మరెక్కడా దొరకని బంధుత్వాలను నేను వీటిలో చూశాను.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష న్యాయంగా ఉండదు. ఎక్కువమంది అసలు వీలునామాయే రాయలేదు. అలాంటివారి విషయంలో ఆస్తి నిర్వహణకు ఇచ్చిన అధికార పత్రం దొరికితే, దగ్గరి బంధువు పేరు ఒకటైనా చేతికొస్తుంది. సూచీలో కనిపించే ఆస్తి విలువను చూసి కుటుంబం స్థితిని అంచనా వేయడం ప్రమాదకరం, ఎందుకంటే 1898కి ముందు అందులో భూమి విలువ కలిసేది కాదు. కోర్టు రిజిస్టరులో ఉన్నది గుమాస్తా రాసిన నకలు. పూర్వీకుడి సంతకం కావాలంటే అసలు పత్రాన్ని అడగాలి. 1733కి ముందు ప్రొబేట్ మంజూరు వాక్యం చాలా వరకు లాటిన్‌లో ఉంటుంది, కానీ దాని నమూనా మారదు కనుక కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. తీరని నష్టం మంటలది. 1922లో డబ్లిన్‌లో ఐర్లండ్ వీలునామాల అసలు ప్రతులు చాలా వరకు కాలిపోయాయి, 1942 బాంబు దాడిలో ఎక్సెటర్‌లోని డెవన్ వీలునామాలు పోయాయి. పన్ను రిజిస్టర్లను అంతగా సిఫారసు చేయడానికి ఇదీ ఒక కారణం: డెవన్‌లో పోయినవాటిలో కొన్నింటి సారాంశం వాటిలో మిగిలింది.

మన దేశంతో ముడిపడిన కుటుంబాలకు మరో దారి ఉంది. మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీలలో మరణించిన ఐరోపావాసుల వీలునామాలు, ఆస్తి జాబితాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులలో ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులలో కొందరు తమతో కలిసి జీవించిన భారతీయ స్త్రీలకూ, వారి పిల్లలకూ ఇందులో డబ్బు రాశారు. ఆ తల్లి అసలు పేరు చాలాచోట్ల రాయరు. చదువుతున్నప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఆ పిల్లల శాఖను వెతికేవారు తండ్రి ఇంటిపేరుతో ఆగకుండా ఎగ్జిక్యూటర్ల (వీలునామాను అమలు చేసేవారి) పేర్లతోనూ వెతకాలి. పిల్లలకు రాసిన సొమ్ము వారి చేతుల మీదుగానే నడిచింది కనుక, వారి ఉత్తరాలలోనూ సొంత వీలునామాలలోనూ ఆ పిల్లల ప్రస్తావన ఉండే అవకాశం ఉంది.