కావలిలో హ్యామ్ రేడియోకి బ్యాటరీ, సోలార్: నాలుగేళ్లు వాడినాక

కరెంటు పోతే ఊరంతా తిట్టుకుంటది గానీ హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకోని సొంత సెట్‌తో దూరం వాళ్లతో మాట్లాడే సరదా, దాని ముందు కూర్చునే మాలాంటోళ్లకి అది పండగ. ఎగతాళి కాదు, నిజంగానే. కరెంటు ఉన్నంతసేపూ మా వీధిలో 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) మీద నాయిస్ ఎస్7 (సెట్ మీటర్ మీద సిగ్నల్ బలం లెక్క, అంకె పెరిగేకొద్దీ గోల ఎక్కువ) దగ్గర తిష్ఠ వేసుకోనుంటది, ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సెటాప్ బాక్సులు అన్నీ కలిసి ఒకటే గుయ్యిమని గోల. కరెంటు పోయిన మరుక్షణం అది ఎస్2కి జారిపోద్ది, అప్పటిదాకా బ్యాండ్ మీద లేరనుకున్నోళ్లు గొంతు సవరించుకునేది కూడా వినపడతది. సరిగ్గా ఆ టైముకి మన సెట్ కూడా ఆరిపోతే ఇంకెందుకు చెప్పండి. నేను బ్యాటరీ పెట్టుకుంది అందుకే, తుఫాను సేవ, అత్యవసర కమ్యూనికేషన్ అనే పెద్ద మాటలు తర్వాత వచ్చినయ్.

నేను ఇంజనీర్ని కాదు, ఎరువుల కొట్టు నడుపుకునేవాణ్ణి. జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉండాది, సెట్ ఐకామ్ 7300, మిద్దె మీద 40 మీటర్లకి ఇన్వర్టెడ్ వీ, అంటే తిరగేసిన వీ ఆకారం వైరు యాంటెన్నా. ఇప్పుడు వాడుతుండేది 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఒక ఆంపు గంటసేపు లాగితే ఒక ఏహెచ్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అదే ఎల్ఎఫ్‌పీ అంటారే అది, రెండు 100 వాట్ల ప్యానెళ్లు, ప్యానెల్ నించి బ్యాటరీకి పొయ్యే చార్జింగ్‌ని అదుపు చేసే ఒక 20 ఆంపుల మామూలు కంట్రోలర్. 2022 ఫిబ్రవరిలో బిగించా. మధ్యలో ఒక కంట్రోలర్ మార్చా, వైర్లు రెండుసార్లు మార్చా, బ్యాటరీ మాత్రం అదే.

దానికి ముందు మూడేళ్లు ఇంట్లో ఇన్వర్టర్‌కి ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్‌కే, అంటే లెడ్ యాసిడ్ బ్యాటరీకే, సెట్ తగిలించి నడిపా. చాలామంది ఇట్టాగే మొదలుపెడతారు, తప్పు లేదు, కానీ దాని సంగతి తెలుసుకోని చెయ్యండి. సెట్‌కి కావాల్సింది 13.8 వోల్టులు, అటూ ఇటూ 15 శాతం తట్టుకుంటదని కంపెనీ చెప్పేది, అంటే కింద 11.7 దాకా. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి ఊరకే కూర్చున్నా 12.7 కంటే ఉండదు, సగం వాడేసరికి 12.2 కి వస్తది, ఆ టైములో 20 ఆంపులు లాగితే వైర్లో పొయ్యేది పోను సెట్ దగ్గరికి పదకొండు కూడా చేరదు. 2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చి నెల్లూరు దగ్గర హైవే కోసుకుపోయి రైళ్లు ఆగిపోయినయ్ గదా, అప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు, నాకు చేతి నిండా పని దొరికిందని సంబరంగా కూర్చుంటే రెండో పూటకే ఒంగోలు మిత్రుడు "అన్నా నీ గొంతు కప్పలాగా గరగరమంటాంది, ఏందది" అన్నాడు. ఇంకో గంటకి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మైకు బటన్) నొక్కంగానే సెట్ ఆఫ్. పైగా అదే బ్యాటరీ మీద ఇంట్లో ఫ్యాన్లు. మా అమ్మకి ఫ్యాన్ కావాల్నా నాకు రేడియో కావాల్నా అనే తగాదాలో ఎవరు గెలిచుంటారో మీకే తెలుసు.

వైరు సంగతి ఈడే చెప్పేస్తా, ఎందుకంటే సగం తప్పు బ్యాటరీది కాదు నాది. మెట్ల కింద బ్యాటరీ, పై గదిలో సెట్, మధ్యలో 5 మీటర్లు, ఇంటికి లాగినప్పుడు మిగిలిన రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు ఉంటే అదే వేశా. ఆ వైరు మీటరుకి దాదాపు 7.4 మిల్లీ ఓములు, పోనూ రానూ 10 మీటర్లు, 20 ఆంపులకి ఒకటిన్నర వోల్టు వైర్లోనే మాయం. ఆరు స్క్వేర్ వేస్తే అది 0.6 కి తగ్గింది. చివరికి ఎల్ఎఫ్‌పీ వచ్చినాక టేబుల్ కిందే పెట్టేశా, ఒకటిన్నర మీటరు వైరు, గొడవ వదిలింది. ట్యూబులర్‌ని మాత్రం అట్టా మూసిన గదిలో పెట్టబాకండి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదుల్తది. ఏ బ్యాటరీ అయినా ఫ్యూజు ప్లస్ టెర్మినల్ నించి జానెడు దూరంలోనే ఉండాల, సెట్ దగ్గర కాదు. ఎల్ఎఫ్‌పీ షార్ట్ అయితే వందల ఆంపులు వదుల్తది, స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మీద పడిందంటే అది స్పానర్ కాదు వెల్డింగ్ రాడ్డే.

ఎంత బ్యాటరీ కావాలని అడిగేవాళ్లకి నా లెక్క ఇది. అందరూ ట్రాన్స్‌మిట్‌కి భయపడతారు, 100 వాట్లకి 21 ఆంపులు రాసుంటది కాబట్టి. కానీ మనం మాట్లాడేది ఎంతసేపు? మేం గొంతుతో మాట్లాడే ఎస్ఎస్‌బీ పద్ధతిలో మాటకీ మాటకీ మధ్య సెట్ లాగే ఆంపులు పడిపోతా ఉంటయ్, సగటున 8, 10 ఆంపులు, గంటసేపు అందరం వంతులేసుకోని మాట్లాడే నెట్‌లో నా వంతు పావుగంట అనుకున్నా రెండున్నర ఏహెచ్. అదే సెట్ ఊరకే విననిస్తే ఆంపు లాగతది, రోజంతా ఆన్‌లో ఉంటే 24 ఏహెచ్. తినేది వినడమే, మాట్లాడ్డం కాదు. ఇది నాకు షంట్ మీటర్, అంటే బ్యాటరీలోకి ఎన్ని ఏహెచ్ వచ్చి ఎన్ని పోయినయ్యో లెక్కపెట్టేది, పెట్టినాకే తెలిసొచ్చింది. కంప్యూటర్‌తో చిన్న చిన్న సందేశాలు పంపే ఎఫ్‌టీ8 ఆడేవాళ్ల లెక్క వేరు, అందులో 15 సెకన్ల వంతులో దాదాపు 13 సెకన్లు గ్యాప్ లేకుండా ఫుల్లుగా లాగతది, బ్యాటరీ కళ్ల ముందే కరుగుతది. నాకు రోజుకి 30 ఏహెచ్ అటూ ఇటూ, కాబట్టి ఎండ అసల్లేకపోయినా వందది మూడు రోజులకి కొంచెం పైనే వస్తది. దగ్గర దూరాలకి వాడే ఒట్టి వీహెచ్ఎఫ్ సెట్ అయితే 20 ఏహెచ్, ఒక 50 వాట్ల ప్యానెల్ చాలు, ఎక్కువ కొని డబ్బులు పోగొట్టుకోబాకండి.

షంట్ మీటర్ అన్నా గదా, అది ఎల్ఎఫ్‌పీకి తప్పనిసరి. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పడం దీంట్లో కుదరదు, 13.2 చూపిస్తా ఉంటది, అది ముప్పావు ఉందో సగమే ఉందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు, ఆఖర్న 12.8 దాటి కిందకి దిగినాక మాత్రం గబగబా పడిపోద్ది. అదే దీని మంచితనం కూడా, చివరిదాకా సెట్‌కి మంచి వోల్టేజి ఇస్తానే ఉంటది, కప్ప గొంతు గొడవ లేదు.

ఇప్పుడు అసలు కథ. మొదట ఎంపీపీటీ కంట్రోలర్, అంటే ప్యానెల్ నించి వీలైనంత పవర్ పిండే రకం, కొన్నా, అందరూ అదే మంచిదన్నారు, ఇంటర్నెట్ అంతా అదే మాట. బిగించిన రోజు ఆంపులు చూసి మురిసిపోయా. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సెట్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద వాటర్‌ఫాల్ (బ్యాండ్ మీద సిగ్నళ్లని బొమ్మగా చూపేది) అంతా నిలువు గీతలు, పళ్ల దువ్వెన పెట్టి గీరినట్టు, సమాన దూరంలో, ఏ బ్యాండ్‌కి పోయినా అవే. మొదట పక్కింటి టీవీ మీద పడ్డా, తర్వాత కేబులోళ్ల మీద, తర్వాత ఊరి బయట రొయ్యల గుంటల్లో ఏరేటర్ మోటార్లు అనుకున్నా, వారం రోజులు చేతి రేడియో పట్టుకోని వీధులెంట తిరిగా పిచ్చోడి లెక్క. సాయంత్రం ఆరయ్యేసరికి ఆ గోల దానంతటదే ఆగిపోతా ఉంటే అప్పుడు బుర్రలో వెలిగింది. మధ్యాన్నం మిద్దె ఎక్కి ప్యానెళ్ల మీద దుప్పటి కప్పా, కింద మా పిల్లోడు "నాన్నా పోయింది పోయింది" అని అరిచాడు. ఎదురింటి అవ్వ మాత్రం "ఎండకని పెట్టిన పలకలకి దుప్పటి కప్పుతుండావేంది నాయనా" అంది. ఆమెకి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు.

అంటే కరెంటు పోయినప్పుడు దొరికే నిశ్శబ్దం కోసం వేలు పోసి, ఆ నిశ్శబ్దాన్ని చంపే డబ్బా నేనే తెచ్చి గోడకి కొట్టుకున్నా. ఎంపీపీటీ లోపల స్విచింగ్ పదుల కిలోహెర్ట్జ్ మీద జరుగుతా ఉంటది, దాని హార్మోనిక్స్, అంటే దానికి రెట్ల మీద వచ్చే ఫ్రీక్వెన్సీలు, హెచ్ఎఫ్ (3 నించి 30 మెగాహెర్ట్జ్) అంతా పాకతయ్, ప్యానెల్ నించి వచ్చే పది మీటర్ల వైరే దానికి యాంటెన్నా. రెండు నెలలు దాంతో కుస్తీ పట్టా. కంట్రోలర్‌ని ఇనప డబ్బాలో పెట్టి, ప్లస్ మైనస్ వైర్లు మెలేసి, ప్యానెల్ వైపొకటి బ్యాటరీ వైపొకటి వైర్లో గోలని ఆపే ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగులు, రెండు వైర్లూ కలిపి ఒక్కోదానికి తొమ్మిది చుట్లు. 31 రకం ఫెర్రైటే ఎందుకంటే 40, 80 మీటర్లకి అది బాగా ఆపుద్ది. కరెంటు లేనప్పుడు చూస్తే ఎస్7 కాస్తా ఎస్3కి వచ్చింది. బాగానే తగ్గింది గానీ నాకు ఎస్2 తెలుసు గదా, తెలిసినాక ఎస్3 తో సర్దుకోలేం.

చివరికి దాన్ని తీసేసి చవక రకం పీడబ్ల్యూఎం, అంటే ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలుపుతా తీస్తా చార్జ్ చేసే కంట్రోలర్, పెట్టా. పవర్ పోద్ది గదా అంటారు. పేపరు మీద పోద్ది. కానీ మన ఎండల్లో ఎంత పోద్దో లెక్కేసి చూడండి. ప్యానెల్ వెనక 18 వోల్టులని రాసుంటది, అది 25 డిగ్రీల దగ్గర. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ప్యానెల్ 65 దాటతది, డిగ్రీకి 0.4 శాతం చొప్పున 40 డిగ్రీలకి 16 శాతం, 18 కాస్తా 15 అయిపోతది. బ్యాటరీకి 14 కావాల, వైర్లో కొంచెం పోద్ది, ఇంక ఎంపీపీటీ మిగిల్చేది ఎంత? చలి దేశాలోళ్లు చెప్పే 30 శాతం లాభం కావలి మిద్దె మీద కరిగిపోతది. నా మీటర్లో తేడా మే నెలలో రోజుకి 4, 5 ఏహెచ్. ఆ మాత్రానికి నేను చెవులు పాడుచేసుకోను. పీడబ్ల్యూఎం అన్నీ నిశ్శబ్దమే అనుకోబాకండి, కొన్ని ఎంపీపీటీ కంటే ఘోరం, కొనేముందు ట్రాన్సిస్టర్ రేడియో దగ్గర పెట్టి చూడండి, షాపోడు నవ్వినా సరే. ప్యానెల్ లైన్లో ఒక డీసీ ఎంసీబీ పెట్టుకుంటే ముఖ్యమైన టైములో కట్ చేసుకోవచ్చు, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ దానికి పనికిరాదు, డీసీ ఆర్క్ ఆగదు దాంట్లో.

ఒక దెబ్బ తిన్నా, అదీ చెప్తా. కొత్త కంట్రోలర్ సెట్టింగు లెడ్ యాసిడ్ మీదే ఉండిపోయింది, నేను చూసుకోలా. ఈక్వలైజ్ (లెడ్ యాసిడ్‌కి అప్పుడప్పుడు ఇచ్చే ఎక్కువ వోల్టేజి చార్జింగ్) అని అది 14.8 దాకా తోసింది, ఎల్ఎఫ్‌పీకి 14.6 ఆఖరు, లోపలున్న బీఎమ్ఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, బ్యాటరీని కట్ చేసేసింది. బ్యాటరీ తప్పుకుంటే ప్యానెల్ వోల్టేజి నేరుగా లోడ్ మీదకొస్తది, 20 దాకా. టేబుల్ మీద ఎల్ఈడీ స్ట్రిప్ ఒక్కసారి భగ్గుమని మెరిసి చచ్చిపోయింది. సెట్ ఆపేసుంది కాబట్టి బతికిపోయా, దాని హద్దు 15.8. అప్పట్నించీ చార్జింగ్ 14.2 కి కట్టేశా, ఈక్వలైజ్ సున్నా. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, విప్పేటప్పుడు తిరగేసి.

మిచాంగ్ తుఫానప్పుడు, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిందే అది, మాకు ముప్పై గంటలకి పైగా కరెంటు లేదు. మా అమ్మ 1989 తుఫాను చూసిన మనిషి, గే అని పేరు, అది కావలి దగ్గరే తీరం దాటింది, గాలి అరిస్తే చాలు ఇప్పటికీ దేవుడి గదిలో కూర్చుంటది. ఆ రెండు రోజులూ నేను బ్యాటరీ మీదే ఉన్నా, 7 మెగాహెర్ట్జ్ మీద ఒంగోలు, గుంటూరు వైపు వాళ్లతో నీళ్లెక్కడున్నయ్, రోడ్డెక్కడ తెగింది అని మాట్లాడుకున్నాం, ఉరుములొచ్చినప్పుడు యాంటెన్నా పీకేసి. ప్యానెళ్లు ఆ రెండు రోజుల్లో ఇచ్చింది మొత్తం 11 ఏహెచ్, మంచి ఎండ రోజు 50 ఇచ్చేవి. అందుకే చెప్పేది, తుఫానుకి పనికొచ్చేది బ్యాటరీ, సోలార్ దాని తర్వాత నింపుకోడానికి. తుఫాను ముందురోజే నింపి పెట్టుకోండి.

బ్యాటరీ ఎట్టా ఉండాదంటే, కొత్తలో 5 ఆంపుల లోడ్ పెట్టి ఖాళీ చేస్తే 101 ఏహెచ్ ఇచ్చింది, మొన్న సంక్రాంతికి 94. నాకు 27 వేలు పడింది, అప్పుడు ఎక్కువనిపించింది, ఇప్పుడు అనిపించట్లా. బ్యాటరీల ఆయుష్షు అంటే హ్యామ్‌ల కోసం పంపిన ఉపగ్రహం హ్యామ్‌శాట్ గుర్తొస్తది, 2005 మే 5న మన శ్రీహరికోట నించే కార్టోశాట్-1 తో పాటు పోయింది, రెండేళ్లకని పంపితే తొమ్మిదేళ్లు హ్యామ్‌ల గొంతులు మోసి 2014 జూలైలో లిథియం బ్యాటరీలు చెడిపోయి ఆగింది. మనది టేబుల్ కింద నీడలో ఉండాది, అంత వేడీ చలీ లేదు. మిద్దె మీద రేకుల షెడ్డులో మాత్రం పెట్టబాకండి.

రెడీమేడ్ పవర్ స్టేషన్ డబ్బాల గురించి అడుగుతుంటారు. వాటి 12 వోల్టుల సాకెట్ ఎక్కువ వాటికి 10 ఆంపులే, 100 వాట్ల సెట్‌కి చాలదు, ఏసీ సాకెట్ వాడితే ఇన్వర్టర్ గోల. చిన్న సెట్లకైతే సరే.

సముద్రపు గాలికి ప్యానెల్ కనెక్టర్లు ఏడాదిన్నరకే పచ్చగా చిలుం పట్టినయ్, రెండుసార్లు మార్చా. కాకులు పాడుచేసే దానికి వారానికోసారి తడిగుడ్డ. అంతకంటే పని లేదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఏందంటే పక్కింటి బావ పోయినేడు మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాడు, పొద్దున ఎనిమిది నించి సాయంత్రం దాకా దాని ఇన్వర్టర్ గీతలు నా వాటర్‌ఫాల్ మీద. కరెంటు పోతే అది కూడా ఆగుద్ది, అది వేరే సంగతి. ఫెర్రైట్లు నా డబ్బులతోనే కొనిస్తా, బిగించేది కూడా నేనే అని చెప్పా. ఆలోచించి చెప్తానన్నాడు, ఆరు నెలలైంది.