లూగర్ ఒరల వెంట: ఓబర్న్‌డోర్ఫ్, జూల్, మ్యూనిక్, వియన్నా, లీడ్స్

యుద్ధకాలపు పిస్టళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు జర్మనీ వెళ్తే ముందు ఓబర్న్‌డోర్ఫ్ చూడాలని నా సలహా. స్టుట్‌గార్ట్‌కి దక్షిణంగా, నెకర్ నది లోయలో ఉన్న చిన్న ఊరు అది. 1811లో వుర్టెంబర్గ్ రాజు ఆజ్ఞతో ఒక పాత మఠంలో మొదలైన తుపాకుల ఫ్యాక్టరీని 1874లో మౌజర్ అన్నదమ్ములు కొన్నారు. 1896 నాటి సి96 పిస్టల్ ఇక్కడిదే. జర్మన్ సైన్యం వాడిన లూగర్ పీ08 పిస్టల్ తయారీ కూడా 1930లో బెర్లిన్ నుంచి ఇక్కడికే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఫ్రెంచి సైన్యం ఆ ఫ్యాక్టరీని కూల్చేసింది. అందువల్ల చూడ్డానికి మిగిలింది ప్రధానంగా ఊరి మ్యూజియమే. చిన్న ఊరు కాబట్టి తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని వెళ్లాలి.

నేను సేకరించేది పిస్టళ్లను కాదు, వాటి ఒరలను. జర్మనీలో పిస్టల్ దగ్గర పెట్టుకోవాలంటే సేకర్తకైనా ప్రత్యేక అనుమతి కావాలి. ఖాళీ తోలు ఒరకి ఆ బాధ లేదు. అయితే ఒర విలువ తెలియాలంటే పిస్టల్ గురించి బాగా తెలిసి ఉండాలి. ఓబర్న్‌డోర్ఫ్‌లో నేను ఎక్కువసేపు నిలబడింది లూగర్ల దగ్గరే. పైన మోకాలిలా మడతపడే భాగం మీద తయారీదారు గుర్తు ఉంటుంది. మౌజర్ వాటి మీద మొదట ఎస్/42, తర్వాత 42, 1941 నుంచి బీవైఎఫ్. గుండు గది మీద సంవత్సరం ఉంటుంది. 1934, 1935ల్లో మాత్రం సంవత్సరానికి బదులు కే, జీ అనే అక్షరాలు కొట్టారు. 1937 ప్రాంతం దాకా ట్రిగ్గర్ లాంటి చిన్న భాగాలకి ఎండుగడ్డి రంగు ఉండేది, ఆ తర్వాత అవీ నీలిరంగుకి మారిపోయాయి. చిన్న భాగాల మీద సీరియల్ నంబరులోని చివరి రెండంకెలు ఉండాలి. తూటాలు నింపే మ్యాగజైన్ మీద పూర్తి సీరియల్ నంబరు ఉండాలి. రెండో మ్యాగజైనైతే ఆ నంబరు పక్కన ప్లస్ గుర్తు కొట్టి ఉంటుంది. అన్ని నంబర్లూ కలిసిన లూగర్‌కీ, ఒక్క భాగం మారిన లూగర్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది. మళ్లీ కొత్తగా రంగు ఎక్కించినదైతే ఎంత మెరిసినా ధర పడిపోయినట్టే.

అక్కడ నేను బస చేసింది ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో. శుభ్రంగా ఉంది, ఉదయం టిఫిన్ బాగా పెట్టారు. ఊరు లోయలో కొంత, కొండ మీద కొంత ఉంటుంది కాబట్టి సామాను ఎక్కువుంటే కింద గది తీసుకోవడం మేలు.

తర్వాత జూల్. తురింగియా అడవుల్లో ఉన్న ఈ ఊళ్లో ఆయుధాల మ్యూజియం పాత మాల్ట్‌హౌస్ (బీరు కోసం ధాన్యం మొలకెత్తించే చోటు) భవనంలో ఉంది. కేవలం ఆ భవనం కోసమైనా వెళ్లొచ్చు. పిస్టళ్లు చేసే వాల్టర్ కంపెనీ ఊరు ట్సెల్లా-మేలిస్ పక్కనే. కానీ జూల్‌లో నన్ను పట్టుకున్నది సిమ్సన్ కథ. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్ సైన్యానికి లూగర్లు సరఫరా చేసిన యూదు కుటుంబం వారిది. నాజీలు 1930లలో ఫ్యాక్టరీని లాక్కుని వాళ్లను దేశం వదిలేలా చేశారు. సిమ్సన్ గుర్తున్న పిస్టల్‌ని అరుదైనదని ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి. మౌజర్ ఫ్యాక్టరీలో వేలమంది చేత బలవంతపు చాకిరీ చేయించిన సంగతీ అంతే. ఈ వస్తువుల విలువ గురించి మాట్లాడుతూ వాటిని చేసినవాళ్లని వదిలేయడం నాకు తప్పనిపిస్తుంది.

మ్యూజియాల్లో ఒరలతో వచ్చే చిక్కు ఏమిటంటే, గాజు అరలో మనకి సాధారణంగా ముందువైపే కనిపిస్తుంది. మనకి కావాల్సింది వెనకవైపు. బెల్టు పట్టీల మధ్య తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం, సైన్యం తనిఖీ ముద్ర అక్కడే ఉంటాయి. అందుకే మ్యూనిక్ దగ్గర ఒక వేలం సంస్థ వాళ్ల ప్రదర్శన రోజుకి వెళ్లాను. అక్కడ సేవ చాలా బాగుంది: వస్తువు బల్ల మీదికి తెచ్చి ఇచ్చారు, దీపం ఇచ్చారు, తొందరపెట్టలేదు. స్వస్తిక గుర్తులున్న చోట స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. జర్మన్ చట్టం వాటి బహిరంగ ప్రదర్శనను సాధారణంగా అనుమతించదు.

అక్కడ నేను చూసిన రెండు పీ08 ఒరలు పక్కపక్కనే పెట్టుకుని చూస్తే ఎవరికైనా పాఠమే. మొదటిదాని లోపల పిస్టల్ ఆకారం తోలులోనే దిగిపోయి ఉంది. గొట్టం ఆనే చోట తోలు నల్లగా, గట్టిగా అయింది. మూత లోపలి చిన్న అరలో పిస్టల్‌ని విడదీసే పనిముట్టు ఆనిన గీత కూడా ఉంది. ఇత్తడి బొడిపె చుట్టూ పచ్చటి చిలుము. రెండోది బయటికి ఇంకా పాతగా కనిపించింది, లోపల చూస్తే కొత్త చెప్పులా శుభ్రం. ముద్ర ఒకచోట తోలు పగులు మీదుగా వెళ్లింది. పగులు అంచులు కూడా ఆ ముద్రలో అణిగిపోయాయి, అంటే తోలు పగిలిన తర్వాత కొట్టిన ముద్ర అది. కేటలాగులో మాత్రం రెండింటికీ ఒకేలా ‘అసలైనది’ అని రాశారు. అడిగితే ‘మీ అభిప్రాయం మీది’ అన్నారు. ఎంత మర్యాదగా చూసుకున్నా, ఆ ఒక్క విషయంలో ఆ సంస్థను నేను మెచ్చుకోలేను.

ఒర సంవత్సరం, పిస్టల్ సంవత్సరం కలిస్తేనే జత అని చాలామంది పట్టుబడతారు. నేనలా అనుకోను. సైన్యంలో పాత ఒరలు మళ్లీ మళ్లీ కొత్తవాళ్ల చేతికి వెళ్లేవి. ఏ సైనికుడు ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పే అధికారి సంతకమున్న కాగితం ఉంటే, సంవత్సరాలు కలవని జతకే నేను ఎక్కువ ఇస్తాను.

దీనికి తిరుగులేని ఉదాహరణ వియన్నాలో ఉంది. అక్కడి సైనిక చరిత్ర మ్యూజియం ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. 1914 జూన్ 28న సారయెవోలో యువరాజు ఫ్రాంట్స్ ఫెర్డినాండ్ హత్యనాటి ఎఫ్‌ఎన్ (బెల్జియం కంపెనీ) మోడల్ 1910 పిస్టల్, ఆయన ఎక్కిన కారు ఇక్కడున్నాయి. ఆ మోడల్ పిస్టళ్లు లక్షల్లో తయారయ్యాయి, సేకర్తల దగ్గర మామూలుగా దొరుకుతాయి. ఆనాటి పిస్టల్‌ని జెసూట్ అనే క్రైస్తవ సంఘంవాళ్లు భద్రపరిచి 2004లో మ్యూజియానికి ఇచ్చారు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రుజువు ఉండబట్టే అది గాజు అరలో ఉంది. స్టేషన్ దగ్గర బస చేస్తే సామాను మోసే పని తప్పుతుంది. ఆ హోటల్ వాళ్లు మాత్రం నా పేరున వచ్చిన పార్సిల్ తీసుకోలేదు. కొనుక్కున్నవాటిని హోటల్‌కి కాకుండా పార్సిల్ కౌంటర్‌కి తెప్పించుకోండి.

ప్యాకింగ్ విషయంలో ఒకటే మాట: ప్లాస్టిక్ వద్దనండి. తోలుకి చెమ్మ పట్టి బూజు వస్తుంది, మామూలు కాగితం చుట్టమనండి. ఒరకి నూనె పూయకండి. పిస్టల్ ఉన్నవాళ్లు దాన్ని ఒరలో పెట్టి దాచకండి, తోలులోని పదార్థాలకి ఉక్కు తుప్పు పడుతుంది.

సమయం ఉంటే ఇంగ్లండ్‌లోని లీడ్స్ రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియానికి వెళ్లండి, ప్రవేశం ఉచితం. ప్రదర్శనలో లేనివాటి కోసం ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగాలి. ఏ ఒర చూడాలో, ఎందుకో వివరంగా రాయండి, వెనకవైపు ముద్రలు చూడాలనే మాట మర్చిపోకండి.