మెనూలో దాక్కున్న 60: నా మల్టీమీటర్‌తో మూడేళ్లు

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆరున్నర అంకెల బెంచ్ మల్టీమీటర్ ఇది, అంటే వోల్టేజిని చాలా సన్నగా కొలిచి చూపే టేబుల్ మీటర్. నా టేబుల్ ఎక్కి మూడేళ్లు దాటింది. "అమెరికా మాల్ సార్, ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు అంగడాయన. మొదటి నెలలో అదే మాట నేనూ ఆఫీసులో నలుగురికి చెప్పి మెప్పు కొట్టేశాను. ఇప్పుడు అందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

కొన్న రోజు చేసిన తెలివైన పని ఒక్కటే. ప్లగ్గు పెట్టే ముందు వెనకున్న వోల్టేజి సెలెక్టర్ చూశాను. 120 మీద ఉంది. 240కి తిప్పి, ఫ్యూజు మార్చి ఆన్ చేశాను. అది చూడకపోతే పొగ వస్తుంది కాబట్టి అందరూ చూస్తారు. పొగ రాని తప్పు ఇంకొకటి ఉందని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది.

నేను కొలిచేవి ఎక్కువగా థర్మిస్టర్ (వేడిని పసిగట్టే రెసిస్టర్) బోర్డులు. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, మధ్యలో రెండున్నర వోల్టులు. చివరి రెండంకెలు ఒక చోట నిలిస్తే ఒట్టు! 2.50013, 2.49988, మళ్లీ 2.50021. ప్రోబులు మార్చాను. వైర్లు మెలేశాను. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించాను. ఇంట్లో ఇండక్షన్ స్టవ్వును కూడా అనుమానించి, ఆ రాత్రి చపాతీల వేళ మాట పడ్డాను. ఒక ఆదివారం సోల్డరింగ్ స్టేషన్ ప్లగ్గు పీకితే అంకెలు సగం కుదుటపడ్డాయి. అంటే కరెంటు హమ్మే, ఇంటి కరెంటు లైను నుంచి సిగ్నల్‌లోకి ఎక్కే అలజడి. కానీ హమ్మును మింగేయడమే కదా ఈ మీటర్ పని?

మెనూలో నాలుగు మెట్లు దిగితే కనబడింది, లైన్ ఫ్రీక్వెన్సీ: 60. అమెరికా కరెంటు లెక్క అది.

మీటర్ కరెంటు ఒక పూర్తి సైకిల్ తిరిగేంత సేపు సిగ్నల్‌ని కూడుకుంటుంది. హమ్ము పైకి వెళ్లిన సగం, కిందికి దిగిన సగం కొట్టుకుపోతాయి. మన 50 హెర్ట్జ్‌లో ఆ సైకిల్ 20 మిల్లీసెకన్లు. నా మీటరేమో 16.67 దగ్గరే లెక్క ముగించేది. అలా ఆగితే హమ్ములో ఐదో వంతు దాకా లోపలే మిగిలిపోవచ్చు. ప్రతిసారీ వేరే చోట మొదలవుతుంది కనుక అంకెలూ ఆడతాయి. 50కి మార్చి, ఒక్కో రీడింగ్‌కి 10 సైకిళ్లు పెట్టాను. చివరి అంకె ఒక్కటే మెల్లగా కదులుతోంది. కాసేపు ఊరికే దాన్నే చూస్తూ కూర్చున్నాను. చాలా మీటర్లు ఆన్ చేయగానే ఈ ఫ్రీక్వెన్సీని తామే పసిగడతాయి. నాది పసిగట్టలేదన్న కోపం మాత్రం తగ్గలేదు.

మిగతావి చిన్నవి. మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్‌ని 10 మెగా ఓమ్‌ల మీద వదిలేస్తే ఆ రెండు రెసిస్టర్ల మధ్య వోల్టేజి అర శాతం తక్కువ చూపిస్తుంది, అందుకే ఇంకా ఎక్కువ రెసిస్టెన్స్ ఉండే హై ఇంపీడెన్స్ సెట్టింగ్ పెట్టుకున్నాను. అది మొదట్లోనే పట్టుకున్నాను. గంటసేపు వేడెక్కనివ్వాలి, నేను స్నానం, టిఫిన్ ఆ గంటలోనే కానిస్తాను. స్పెక్‌లో రాసిన 23 డిగ్రీలకు అటూ ఇటూ ఐదు, బెంగళూరులో ఏసీ లేకుండా చాలా నెలలు సరిపోతుంది. ఏప్రిల్‌లో నమ్మను. చెన్నైలో ఉన్న మా మిత్రుడికైతే ఏసీ తప్పదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. అంకె నిలబడింది కదా అని అది నిజమని కాదు. వెనకున్న కాలిబ్రేషన్ స్టిక్కర్ గడువు ఎప్పుడో దాటింది, ల్యాబ్‌కి పంపే ఖర్చు ఇంకా చూసుకోలేదు. రెండు బోర్డుల మధ్య తేడా తేల్చడానికి నాకిది చాలు. మీరు ఎస్ఎంపీఎస్‌లు (కంప్యూటర్ల వంటి వాటిలోని పవర్ సప్లైలు) రిపేరు చేసేవారైతే చేతిలో పట్టే మీటరే నయం. కస్టమర్‌కి రిపోర్టు ఇచ్చేవారైతే ఇలాంటి పాత సరుకు కొనమని నేను చెప్పలేను.

అన్నట్టు, మైక్రోవోల్టులు చూసేటప్పుడు సీలింగ్ ఫ్యాను కట్టేయాలి. గాలికి టెర్మినళ్లలో ఒకటి చల్లబడినా రీడింగ్ జారుతుంది. మా ఇంట్లో ఈ మీటర్ మీద ఉన్న ఫిర్యాదల్లా అదే.