600 ఓమ్‌లకూ సరిపోతుందన్న హెడ్‌ఫోన్ యాంప్ కొని నష్టపోయాను, జాగ్రత్త

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటున్న మనవాళ్లకు ఈ మాట చెప్పాలి. స్టూడియో హెడ్‌ఫోన్‌కు యాంప్ (సౌండ్‌కు బలం పెంచే పరికరం) కొనేటప్పుడు పెట్టె మీద రాసింది నమ్మి డబ్బు కట్టేయకండి. నేను కట్టేశాను.

నాది 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్. ఓమ్‌లు అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు. ఫోన్‌కు పెడితే ఎంత పెంచినా సౌండ్ చాలదు. పర్లాకిమిడిలో నాకు యాంప్ దొరక్క విశాఖ వెళ్లాను. అక్కడ ఒక పెద్ద షాపులో, "తమ్ముడూ, ఇది 600 ఓమ్‌లను కూడా లాగేస్తుంది, వెయ్యి మిల్లీవాట్లు" అని అరచేతిలో పట్టేంత యాంప్ చేతిలో పెట్టారు. 6,800 రూపాయలు. వాళ్ల ఇయర్‌ఫోన్ తగిలించి వినిపిస్తే చెవులు అదిరిపోయాయి. నా హెడ్‌ఫోన్ నేను తీసుకెళ్లలేదు.

ఆ యాంప్ మీద మా వీధి మామ్మ పాడిన పెళ్లిపాటలు 11 మిక్స్ చేశాను. వాళ్లబ్బాయి ఆటోలో పెట్టి వినిపిస్తే, రెండో పాటకే ఆవిడ నా వైపు తిరిగి, "డప్పు బాగానే ఉంది, మరి నా గొంతేది నాయనా?" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్ ఇంకా తక్కువగా వినపడుతుంది. హెడ్‌ఫోన్‌కు బలం చాలక డప్పు పలచగా వినిపిస్తుంటే నేను దాన్నే పెంచుకుంటూ పోయాను. పెద్ద స్పీకర్‌కు వచ్చేసరికి అది గొంతును మింగేసింది.

తర్వాత యాంప్‌కు వై కనెక్టర్ తగిలించి, ఒకవైపు హెడ్‌ఫోన్, రెండో వైపు పిన్ను మొనకీ మొదలుకీ మల్టీమీటర్ పెట్టి 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేశాను. సౌండ్ పగలడం మొదలయ్యేసరికి మీటరు చూపించింది 1.1 వోల్టు. వోల్టును వోల్టుతో గుణించి ఓమ్‌లతో భాగిస్తే 5 మిల్లీవాట్లు కూడా లేదు! వెయ్యి రావాలంటే 250 ఓమ్‌ల మీద దాదాపు 16 వోల్టులు కావాలి. యాంప్‌తో ఇచ్చిన కాగితం మళ్లీ తీసి చూస్తే, కింద చీమ తలకాయంత అక్షరాల్లో "32 ఓమ్‌ల వద్ద" అని ఉంది. ఆ లెక్కకైనా దాదాపు 5.7 వోల్టులు ఉండాలి కదా.

కాబట్టి మీ హెడ్‌ఫోన్ ఎన్ని ఓమ్‌లో ముందు చూసుకోండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ అయితే 38. ఆ ఓమ్‌ల దగ్గర యాంప్ ఎన్ని మిల్లీవాట్లు ఇస్తుందో అడగండి. ఎం50ఎక్స్ లాంటి తక్కువ ఓమ్‌ల వాటికి బలం సమస్య అంతగా రాదు, అక్కడ యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ వైపు ఉండే అడ్డు, ఇదీ ఓమ్‌లలోనే) చూడాలి. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకపోతే మంచిది, అంటే 32 ఓమ్‌లకు 4 లోపు. నాకిచ్చిన కాగితంలో ఆ అంకే లేదు.

వాపసు అడిగితే "పెట్టె తెరిచారు కదా" అన్నారు. బిల్లు మీద మోడల్ పేరు కూడా లేదు, "యాంప్" అని ఒక్క ముక్క. మీరు మోడల్ నంబరుతో పాటు, ఇన్ని ఓమ్‌లకు పనిచేస్తుందని కూడా బిల్లు మీదే రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. షాపు ఆంధ్రాలో ఉంది, మనం ఒడిశాలో ఉన్నాం అని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నేను గజపతి జిల్లాలోనే వేయబోతున్నాను.

ఈలోగా తెలిసినవాళ్ల దగ్గర మంచి యాంప్ అడిగి తెచ్చుకుని మామ్మ పాటలు మళ్లీ మొదటినుంచి మిక్స్ చేస్తున్నాను. నాలుగయ్యాయి, ఇంకా ఏడున్నాయి.