విప్పి కడుక్కునే డ్రిప్పర్: కాలనీ పార్కులో ఐదేళ్ల వాడకం

డ్రిప్పు అంటే ఏంటో, దానివల్ల నీళ్లు ఎంత మిగులుతాయో అందరికీ తెలిసిందే, అవి వదిలేస్తున్నాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా కాలనీ పార్కు ప్రహరీ వెంట 180 మీటర్ల కంచె ఉంది, డురాంటా, మధ్యమధ్య నూరువరహాలు. ఐదేళ్లుగా దానికి డ్రిప్పు నీళ్లే. మొదటి రెండేళ్లు ఇన్‌లైన్ పైపు, అంటే చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్పర్లు లోపలే అతికి ఉండే పైపు. ఆ తర్వాత మూడేళ్లు పైపుకి బయట గుచ్చే, విప్పే డ్రిప్పర్లు. ఈ రెండో రకం మీద ఇష్టమంతా ఒక్క గుణం వల్లే. వేళ్లతో తిప్పితే మూత ఊడి వస్తుంది, లోపల పట్టిన తుప్పు మడ్డిని గుడ్డతో తుడిచి మళ్లీ బిగించేయొచ్చు. మా బోరు నీళ్లకి ఇంతకంటే పెద్ద సుఖం లేదు.

ఇన్‌లైన్ కొత్తలో దాన్ని తెగ మెచ్చుకున్నాను, ఆ మాటలు అబద్ధం కాదు. 16 ఎమ్‌ఎమ్ పైపు లోపలే 40 సెంటీమీటర్లకొక డ్రిప్పరు అతికి ఉంటుంది, పిల్లలు పీకడానికి పైకి ఏమీ కనపడదు. ప్రెషర్ సర్దుకునే రకం కావడంతో వాల్వు పక్క మొక్కకీ 45 మీటర్ల అవతల మొక్కకీ ఒకే లెక్కన నీళ్లు అందేవి. కాకపోతే అదంతా మొదటి ఎండాకాలం చూసి చెప్పిన మెప్పు.

రెండో ఏడు జూన్‌లో వానలు పట్టగానే మోటారు ఆపేశాం. లైన్లు ఖాళీ చెయ్యలేదు. తప్పు అక్కడే జరిగింది. మా బోరు నీళ్లు పైకి వచ్చేటప్పుడు తేటగానే ఉంటాయి. తెల్ల బకెట్లో పట్టి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి పసుపు తిరిగి, అడుగున ఇటుక పొడిలాంటి మడ్డి చేరుతుంది. నీళ్లలో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా విడిపోవడమే అది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే డ్రిప్పుకి గండమే. పైగా ఇనుము మీద బతికే బ్యాక్టీరియా పైపు గోడలకి గోధుమరంగు జిగురు పట్టిస్తుంది. నాలుగు నెలలు కదలకుండా నిలిచిన నీళ్లు దానికి పుట్టిల్లు.

దసరా వెళ్లాక మోటారు వేస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. వాల్వు దగ్గర నేల తడుస్తోంది, గేజీ ఒక కేజీ ప్రెషర్ చూపిస్తోంది. డురాంటా ఆకు అసలే పసుపు, దాహంతో ఉందని రంగు చూసి కనిపెట్టలేం. దగ్గరికి వెళ్లి చూస్తే ఆకు మెరుపు పోయి, అంచులు లోపలికి దోనెలా ముడుచుకుని ఉన్నాయి. అప్పటికి నవంబరు చివర. అడుగున ఆకు రాలి పుల్లలు తేలాయి.

అప్పుడు గ్లాసు పరీక్ష పెట్టాం. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు కింద మూడు నిమిషాలు గ్లాసు ఉంచితే 200 మిల్లీలీటర్లు పడాలి. లైను మొదట్లో 190, మధ్యలో 90, చివర 20 పడ్డాయి. డ్రిప్పు ఉన్న ప్రతి పార్కులోనూ వానలు వెళ్లగానే, ఎండలు ముదరకముందే ఈ లెక్క తీయాలి. గేజీని నమ్ముకుంటే మోసమే, డ్రిప్పర్లు మూసుకుపోయే కొద్దీ ప్రెషర్ ఇంకా బాగా కనిపిస్తుంది.

యాసిడ్ కూడా పెట్టి చూశాం. పది లీటర్ల నీళ్లకి ఎంత హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే పీహెచ్ కాగితం (పులుపు ఎంతో చూపే కాగితం) 4 చూపిస్తుందో ముందు బకెట్లో తేల్చుకుని, ఆ లెక్కన లైన్లోకి ఎక్కించి, 24 గంటలు మూసి ఉంచి, లైన్ల చివర బిగించిన మూతలు విప్పి కడిగాం. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. బ్లీచింగ్ పౌడరుతో అసలు కలవనివ్వకూడదు, విషవాయువు వస్తుంది. చివర 20 ఉన్నది 110కి పెరిగింది, రెండు నెలల్లో మళ్లీ జారిపోయింది. ప్రెషర్ సర్దే రబ్బరు పొర కింద చేరిన జిగురు పూర్తిగా వదలదు. పైపు కోస్తే తప్ప దాన్ని చేత్తో అందుకోలేం.

అందుకే మామూలు పైపు పరిచి, 45 సెంటీమీటర్లకొకటి చొప్పున 400 విప్పే డ్రిప్పర్లు గుచ్చాం. నాలుగు లైన్లు, ఒక్కోటి 45 మీటర్లు. ఈ రకానికి ప్రెషర్ సర్దే పొర ఉండదు కాబట్టి లైను ఇంతకంటే సాగదీయకూడదు, చివర చప్పబడుతుంది. మూతలు విప్పి, తుడిచి, బిగించడం మాలీకి ఒక పూట పని. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి చేస్తే చాలు. మూడేళ్లుగా చివరి గ్లాసు 170కి తగ్గలేదు.

ఆ ఘనతంతా డ్రిప్పరుదే అంటే అన్యాయం. బోరు నీళ్లు ఇప్పుడు నేరుగా లైన్లోకి వెళ్లవు. ట్యాంకు పైన పైపు మూతకి 3 ఎమ్‌ఎమ్ బెజ్జాలు పెట్టి, మూడడుగుల ఎత్తు నుంచి జల్లులా పడేలా చేశాం. గాలి తగిలి ఇనుము అక్కడే విడిపోయి, రాత్రికి అడుగుకి దిగుతుంది. లైన్లోకి వెళ్లే గొట్టం ట్యాంకు అడుక్కి అరడుగు పైన ఉంది, మడ్డి వదలడానికి అడుగున వేరే వాల్వు. పదిహేను రోజులకోసారి దాన్ని తెరిస్తే టీ డికాషన్ రంగు నీళ్లు దిగుతాయి.

ఆ తర్వాత 120 మెష్, అంటే అంగుళానికి 120 కన్నులున్న జల్లెడ ఫిల్టరు. ముందూ వెనకా గేజీల తేడా అర కేజీ దాటితే కడగాలి, అదీ పాత టూత్‌బ్రష్షుతోనే. ఇనప బ్రష్షుతో గీకితే జాలీ చిరుగుతుంది. చిరిగిన జాలీకి గేజీల తేడా సున్నాకి వస్తుంది, శుభ్రంగా ఉందనుకుని మోసపోతాం.

విప్పే డ్రిప్పర్లకీ చిక్కులున్నాయి. మూత చేతికందుతుంది కాబట్టి పిల్లల చేతికీ అందుతుంది. ఒక్క మూత పోతే అక్కడ నీళ్లు చిమ్ముతాయి, ఆ తర్వాతి మొక్కలన్నీ ఎండుతాయి. మాలీ జేబులో ఇరవై మూతలు ఎప్పుడూ ఉండాలి. గడ్డి కోసే మిషను నైలాన్ తీగ పైపుని తెగ్గొడుతుంది, అందుకే పైపుకి ఇటూ అటూ జానెడు మేర గడ్డి చేత్తోనే తీయిస్తున్నాం. పైపు మీద ఎండుటాకులు కప్పొచ్చు గానీ మట్టి కప్పకూడదు, వేళ్లు డ్రిప్పర్లోకి దూరతాయి. ఎండాకాలం ఉడతలు నీళ్ల కోసం పైపు కొరుకుతాయి. పక్కన నీళ్ల మూకుడు పెట్టాక అది చాలావరకు తగ్గింది.

మీ పార్కుకి ఇనుము లేని కుళాయి నీళ్లుంటే ఇన్‌లైన్ పైపే మేలు కావచ్చు, మూతలు పోయే బాధ ఉండదు. నేల వాలుగా ఉన్నా అదే నయం. మాది చదును నేల, ఇనుము బోరు, రోజూ వచ్చే మాలీ ఉన్నాడు, అందుకే ఇది కుదిరింది. మాలీ లేని పార్కులో 400 మూతలు ఎవరు విప్పుతారు? ఇంకొకటి, లైను కడిగే వరస వాల్వు పెట్టె మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. మా దగ్గర పొద్దుటి మాలీ ఒడియావాడు, సాయంత్రం వాల్వు కట్టే వాచ్‌మన్ తెలుగువాడు. ఆ బోర్డు పెట్టాకే లైన్ల చివరి మూతలు వారం తప్పకుండా తెరుచుకుంటున్నాయి.